భుజం మీది చేయి

ఎడిటర్ గారికి నమస్కారం.

నిన్న మీ పేపర్లో గని ప్రమాదం వార్త పక్కన ఏడుస్తున్న ఆడమనిషి ఫోటో వేసి, కింద "భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు" అని రాశారు. ఆ మనిషిని నేనే. మా ఆయన దయాసాగర్ నిక్షేపంగా ఉన్నారు.

పోయిన నెలాఖరున ఆయన రిటైరయ్యారు. మా గోదావరిఖనిలో ఆఖరి షిఫ్టు చేసి పైకొచ్చిన మనిషికి తోటివాళ్లు గని గేటు దగ్గరే దండలేసి, డప్పులతో ఇంటిదాకా తీసుకొస్తారు. ఇన్నేళ్లూ ఆయన డ్యూటీకి పోయినప్పుడల్లా భయపడినదాన్ని. ఆ రోజు ఆయన కోసం గేటు దగ్గరికి వెళ్లి, ఇక గనిలోకి దిగే పని లేదని అక్కడే ఏడ్చేశాను. మీ ఫోటోగ్రాఫర్ అప్పుడు తీసిన ఫోటో ఇది.

నిన్న చర్చివాళ్లు పరామర్శకు వస్తే ఆయనే తలుపు తీసి, "నేను మంచిగనే ఉన్న. కూసోండ్రి, చాయ్ తాగి పోండ్రి" అన్నారు. అందరూ నవ్వారు. నిజంగా భర్త పోయినామె గుర్తొచ్చి నాకు నవ్వు రాలేదు. ఆమె దుఃఖం పక్కన నా సంతోషాన్ని పెట్టారు.

తప్పు దిద్దుకుంటూ నాలుగు మాటలు వేయండి. ఆ ఫోటో మాత్రం నాకు మొత్తంగా పంపండి. దండలనూ డప్పులనూ నవ్వుతున్న మా ఆయననూ కత్తిరించేశారు గానీ, నా భుజం మీద ఒక చేయి మిగిలిపోయింది. అదెవరిదని మీ ఆఫీసులో ఒక్కరూ అడగలేదా?

అది ఆయనదే.

దయాసాగర్ భార్య,
గోదావరిఖని