కెమెరా ముందు దీప

జూన్ 18

బడి తెరిచి ఆరు రోజులైంది. దీప ఇవాళ కూడా పోలేదు. యూనిఫామ్ వేసుకుని, షూ వేసుకుని, గేటు దాకా వచ్చి ఆగిపోయింది. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయాడు.

ఎవరికీ చెప్పుకోలేక ఇందులో రాస్తున్నాను. ఒక్కతే కూతురు. పదిహేనేళ్లు. ఫిబ్రవరిలో స్పోర్ట్స్ డేకి రిలే పరుగులో పేరిచ్చింది. మేమే ఇమ్మన్నాం. రెండో మలుపులో పడింది. ఎవరో వీడియో తీశారు. అది పడ్డప్పుడు భూమి అదిరినట్టు చేసి, వెనక పాట పెట్టి గ్రూపుల్లో వేశారు. మా బట్టల షాపుకొచ్చిన కస్టమర్ ఒకడు ఆ వీడియో మా ఆయనకే చూపించి నవ్వాడు, ఆ పిల్ల ఈయన కూతురని తెలియక. ఈయన కూడా నవ్వినట్టు చేసి, ఇంటికొచ్చి అన్నం తినలేదు.

జూన్ 20

దవాఖానకు తీసుకెళ్లాను. ఎనభై నాలుగు కిలోలు. షుగర్ అంచున ఉంది. మెడ వెనక నలుపు అందుకేనట. మూడు నెలలుగా నెలసరి లేదు. రోజూ గంట వ్యాయామం చేయాలి, లేకపోతే మందులు మొదలుపెట్టాల్సి వస్తుందని డాక్టరమ్మ అన్నారు. గేటు దాటని పిల్లతో వ్యాయామం ఎట్లా చేయించాలో అడగలేకపోయాను.

జూన్ 21, ఉదయం 7

అయిదింటికి లేపి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు తీసుకెళ్లాను. ఆటో దిగలేదు. "ఆడ అందరి చేతుల ఫోన్లున్నయ్ మమ్మీ" అంది. నిజమే, నడిచేవాళ్లందరి చేతుల్లో ఫోన్లున్నాయి. అదే ఆటోలో తిరిగొచ్చాం.

జూన్ 23

మా తమ్ముడు భరత్ హైదరాబాద్ నుంచి వచ్చాడు. తను వాడని వీడియో గేమ్ సెట్టు తెచ్చి హాల్లో టీవీకి బిగించాడు. దానికో చిన్న కెమెరా. ముందు నిలబడితే తెర మీది బొమ్మ మనం చేసినట్టే చేస్తుంది. చెయ్యి లేపితే లేపుతుంది, దూకితే దూకుతుంది. బాక్సింగ్, డాన్స్, నదిలో పడవ. "ఇంట్లనే చెమటలు పడ్తయ్ అక్కా, బయటికి పోయే పనే లేదు" అన్నాడు. అత్తమ్మ మూతి ముడుచుకుంది. ఫోన్ల వల్ల ఖరాబైన పిల్లకు ఇంకో ఫోన్ తెచ్చారని ఆమె బాధ.

కెమెరా అనగానే దీప గది తలుపు వేసుకుంది. ఇది ఎవరికీ పంపదు, ఎక్కడా దాచదు అని భరత్ తలుపు బయట నిలబడి అరగంట చెప్పాడు.

జూన్ 27

ముట్టుకోలేదు.

జూన్ 30

ఏం చేయాలో తోచక నేనే ఆడాను. కొంగు నడుముకు దోపి, టీవీ ముందు నిలబడి గాలిలో గుద్దులు గుద్దాను. అవతలి బొమ్మ నన్ను మూడుసార్లు పడగొట్టింది. మోకాళ్లు పట్టేశాయి. వెనక్కి తిరిగితే దీప గుమ్మంలో ఉంది. నవ్వుతోంది. ఫిబ్రవరి తర్వాత దాని పళ్లు చూడటం ఇదే.

"గట్ల కాదు మమ్మీ, కాళ్లు జరపాలె" అంటూ వచ్చి పక్కన నిలబడింది. పన్నెండు నిమిషాలు ఆడింది. నేను వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను.

జూలై 14

రోజూ సాయంత్రం ఇద్దరం. టీపాయ్ బాల్కనీలోకి పోయింది. పడవ ఆటలో ఇద్దరూ ఒక్కసారే దూకాలి, ఒకరు ఆగితే పడవ బండకు తగులుతుంది. వన్ టూ త్రీ నేను చెప్తాను, అది దూకుతుంది, నేను ఆలస్యంగా దూకుతాను, తిట్లు తింటాను. తమ ఫ్యాన్ ఊగుతోందని కింది పోర్షన్‌వాళ్లు పైకొచ్చారు. పాత బొంతలు పరిచాం. ఇప్పుడు ఎనభై ఒక్క కిలోలు. నెలసరి వచ్చింది.

జూలై 22

బడికి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆగస్టు 16

వరలక్ష్మీ వ్రతం. పేరంటానికి వచ్చినవాళ్లంతా దీపను చూసి నోళ్లు తెరిచారు. డెబ్బై అయిదు కిలోలు. నేనే పిలిచి అందరి ముందు నిలబెట్టాను. టీవీ పెట్టి ఆడి చూపించమన్నాను. మా తోటికోడలు శోభారాణి "సగమైనవ్ గదనే. ఇంకో పది తగ్గితే హీరోయినే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

పూర్ణాలు పెడితే తర్వాత తింటానంది.

సెప్టెంబర్ 9

నాతో ఆడటం మానేసింది. నేను స్లో అట. నా వల్ల స్కోరు పడిపోతోందట. ఆట అయ్యాక ఎన్ని కేలరీలు కరిగాయో తెర మీద అంకె వస్తుంది. ఆ అంకెను నోట్‌బుక్ వెనక రాసుకుంటోంది. చదువు మీద కూడా ఇంత శ్రద్ధ ఉంటే బాగుండునని ఆయనతో అన్నాను. మురిసిపోతూనే అన్నాను.

సెప్టెంబర్ 25

దువ్వెన నిండా జుట్టు. షాంపూ మార్చాను.

అక్టోబర్ 4

దసరా సెలవులు. సీజన్ కాబట్టి నేనూ షాపులోనే ఉంటున్నాను. ఇవాళ తలనొప్పిగా ఉండి మూడింటికే ఇంటికొచ్చాను. అత్తమ్మ లోపల పడుకుంది. హాల్లో టీవీ సౌండ్ లేకుండా నడుస్తోంది. దీప దూకుతోంది. చప్పుడు కాకుండా బొంతల మీద బొంతలు వేసుకుంది. అత్తమ్మను లేపి అడిగితే పొద్దటి నుంచి ఇది మూడోసారి అంది.

గేమ్ సెట్టు వచ్చిన అట్టడబ్బా సోఫా వెనక ఉంటుంది. దాని చుట్టూ చీమలు. తెరిస్తే పేపర్ పొట్లాలు. చపాతీలు, అన్నం, నిన్న నేను ఒలిచి చేతికిచ్చిన గుడ్డు. కింది పొట్లాలు బూజు పట్టాయి.

ఇదేంటని అడిగితే టీవీ వైపు తిరిగింది. గట్టిగా అడిగితే "నువ్వే గదా తగ్గుమన్నవ్. తగ్గిన. ఇంకేం గావాలె నీకు" అంది. ఆ పొట్లాలన్నీ ఏరి చెత్తబుట్టలో వేశాను.

అక్టోబర్ 5

ఆయనతో చెప్పాను. "ఇప్పుడే జర మంచిగైంది పిల్ల. ఎందుకు ఫికర్ జేస్తవ్" అన్నారు. అరవై మూడు కిలోలు. ఎవరికి చూపించినా ఇప్పుడే సరిగ్గా ఉందంటారు. ఎముకలు తేలి ఉంటే కనీసం ఎవరైనా నమ్మేవారు.

అక్టోబర్ 7

కెమెరా పీకి షాపు బీరువాలో దాచాను. దీప బాత్రూంలో నల్లా తిప్పి లోపల దూకుతోంది. నీళ్ల చప్పుడు, మధ్యలో పాదాల చప్పుడు. తడి నేల. జారి పడితే ఎవరు దిక్కు? తలుపు కొట్టి కొట్టి నా చెయ్యి వాచింది.

సాయంత్రం కెమెరా తిరిగి తెచ్చాను. అరగంటే ఆడతానని ఒట్టు వేయించుకున్నాను. ఆయన కాదు, భరత్ కాదు. నేనే నా చేత్తో బిగించాను. రాసిపెట్టకపోతే రేపు నేనే ఒప్పుకోను.

అక్టోబర్ 10

సద్దుల బతుకమ్మ. అత్తమ్మా నేనూ బాల్కనీలో బతుకమ్మ పేరుస్తున్నాం. లోపల దబ్బుమని చప్పుడైంది. దూకిందనుకున్నాను. మళ్లీ చప్పుడు రాలేదు. అలసి కూర్చుందనుకున్నాను. తంగేడు పూలు సర్దుతూనే ఉన్నాను. రెండు నిమిషాలు? మూడు? వెళ్లేసరికి బొంతల మీద పక్కకు ఒరిగి పడి ఉంది. పెదాలు తెల్లగా ఉన్నాయి. తెర మీద అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. ప్లేయర్ కనిపించడం లేదట, కెమెరా ముందుకు రమ్మంటోంది.

ఆటోలో దాని తల నా ఒళ్లో. దారి పొడుగునా బతుకమ్మలు ఎత్తుకుని పోతున్న ఆడవాళ్లు. ఆటో కదలదు. దిగి, ఒక్కొక్కరికీ దండం పెట్టి పక్కకు జరగమని అడుక్కున్నాను.

అక్టోబర్ 11, దవాఖాన

నాడి నలభై రెండు. రక్తంలో పొటాషియం పడిపోయింది. ఛాతీ నిండా వైర్లు. డాక్టరమ్మ మెల్లగా చెప్పారు. ఆడటం తప్పు కాదట. తినకుండా, ఆపకుండా ఆడి గుండెను అరగదీసుకుందట. ఇదీ జబ్బేనట, మనసు డాక్టర్ కూడా చూడాలట. మా ఆయన "బరువు మంచిగనే ఉంది గద మేడం" అన్నారు. ఆమె ఈసీజీ కాగితం ఆయన చేతిలో పెట్టి, ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య ఎంత ఖాళీ ఉందో చూపించారు. ఆయన ఆ ఖాళీ మీద బొటనవేలు పెట్టి అట్లాగే నిలబడిపోయారు.

అక్టోబర్ 13

శోభారాణి చూడటానికొచ్చింది. మంచం మీదున్న పిల్లతో "ఏమన్న గానీ, మస్తు సన్నగైనవ్" అంది. బయటికి పొమ్మన్నాను. నా పెళ్లైన పద్దెనిమిదేళ్లలో ఆమెకు ఎదురు చెప్పడం ఇదే.

అక్టోబర్ 16

పడుకుని కూడా ఆడుతోంది. దుప్పటి కింద కాళ్లు ఊపుతూనే ఉంది. నర్సు చెప్పేదాకా నేను చూడలేదు. ఒక కాలు పట్టుకుంటే రెండోది.

అక్టోబర్ 24

ఇంటికి పంపారు. పూటకు ఇంత తినాలని కాగితం రాసిచ్చారు. దీపావళి గిరాకీ. ఆయన మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొచ్చారు. ఇన్నేళ్లుగా షాపులో నిలబడి తినే మనిషి, దీప ఎదురుగా నేల మీద కూర్చున్నారు. అది ముద్ద ఎత్తితే ఎత్తారు, ఆపితే ఆపారు. గంటన్నర. అన్నం ఎండిపోయింది. చివరికి "నాక్కూడ తినబుద్ధైతలేదు బిడ్డా. ఇద్దరం జర జర తిందాం" అన్నారు. దీప ఏడుస్తూ నాలుగు ముద్దలు తింది.

నవంబర్ 3

పళ్లెం విసిరికొట్టింది. గోడ మీద పప్పు. ఇకనుంచి నన్ను మమ్మీ అని పిలవదట.

నవంబర్ 5

పిలవలేదు.

నవంబర్ 12

దువ్వుతుంటే తనంతట తనే చెప్పింది. "టీవీ ముంగట ఎవ్వరు నవ్వలె మమ్మీ. మంచిగ జేసినవ్ అని స్టార్లు ఇస్తది. ఆపితే మళ్ల పాత దీపనైతనేమో అనిపించింది."

పాత దీప అంటే నాకు ఇష్టమేనని చెప్పాను. మరి పేరంటం రోజు ఎందుకు అందరి ముందు నిలబెట్టావని అడిగింది. తప్పు చేశానన్నాను. ఇంకేమీ కలపలేదు. దువ్వడం ఆపకు అంది.

నవంబర్ 19, మధ్యాహ్నం 2:40

ఇడ్లీ ఒకటిన్నర. పడుకుంది. మంచానికి అటు ఆయన, ఇటు నేను. ఊపిరి చూశాను, ఉంది. దుప్పటి కింద కాళ్లు కదలడం లేదు.