వాసు గొడ్డలి పట్టాడు

కొలకలూరు, మంగళవారం

ఇన్నాళ్లూ పెరట్లో తుమ్మ మొద్దులు నేనే చీల్చాను. కోడలు సునీత కడుపుతో ఉందని. భార్య కడుపుతో ఉండగా మొగుడు గొడ్డలి ఎత్తకూడదని మా అత్తగారి మాట. అందుకే దాన్ని నా కొడుకు వాసుకి కనపడకుండా బియ్యం డ్రమ్ము వెనక దాచాను.

"గ్యాస్ ఉందిగా, ఈ కట్టెలెందుకమ్మా?" అని వాడు విసుక్కునేవాడు. బాలింత స్నానానికి కాగెడు నీళ్లు కాగాలంటే గ్యాస్ ఏం చాలుతుంది?

ఇవాళ సునీతని తెనాలి ఆసుపత్రి నుంచి తీసుకొచ్చాం. కడుపు నిలవలేదు.

ఇంటికి రాగానే వాసు డ్రమ్ము వెనక చెయ్యి పెట్టి గొడ్డలి తీశాడు. ఎక్కడుందో వాడికి ముందే తెలుసన్నమాట. నేను లేనప్పుడు ఎప్పుడైనా... ఛీ, ఆ మాట చచ్చినా అడగను. "వద్దురా" అనబోయాను. ఇక వద్దనడానికి ఏముంది? మిగిలిన మొద్దులన్నీ చీకటి పడేదాకా కొట్టాడు.

సునీత గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఇంకా ఎందుకత్తయ్యా ఆ కట్టెలు?"

"నీకు నీళ్లు కాచొద్దా అమ్మా? బిడ్డ లేకపోయినా నీది బాలింత ఒళ్లే."

ఆ మాటకి అప్పటిదాకా బిగబట్టుకున్న పిల్ల గడప మీద కూలబడి ఏడ్చింది. పెరట్లో దెబ్బలు ఆగిపోయాయి.

నీళ్లు నేనే పోశాను. గొడ్డలి ఇంకా పెరట్లోనే పడుంది. లోపల పెట్టమని ఎవరికీ చెప్పలేదు. దాన్ని మళ్లీ దాచే రోజు రావాలి.