చల్లగున్నదని జున్ను తినకు

మౌనికా, ఈ చీటీ జర కూర్చొని చదువు బిడ్డా. ఫ్రిజ్‌లో ఉన్న జున్ను తినకు. నిన్న మధ్యాహ్నం పోయిన కరెంటు ఇయ్యాల పొద్దుగాల, నువ్వు మీ అమ్మగారింటి నుంచి రాకముందే వచ్చింది. గిన్నె మళ్ళీ చల్లబడింది గానీ, రాత్రంతా ఆ ఉక్కలో బయట పెట్టినట్టే. వాసన రాలేదని నమ్మకు.

మీ అత్తకు, అదే నా కోడలికి, చెప్పి చూసిన. "మా అన్న కాటారం నుంచి పంపిన జున్నుకు వంక పెడుతున్నవా? కడుపుతోని ఉన్న పిల్ల తినాలె. తిన్నదా లేదా ఫోన్ చేసి అడుగుత" అన్నది. నేనే తీసేద్దామంటే గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నది. మేమిద్దరం పోవాల్సిన నెల్లికుదురు పెళ్ళికి ఆటో కూడా వచ్చింది. అందుకే బియ్యం డబ్బాలో ఈ చీటీ.

మా ఆడబిడ్డ పోశవ్వ నీలాగే కడుపుతో ఉండి, అత్త పెట్టిన పాసిపోయిన జున్ను వద్దనలేక తిన్నది. వాంతులు, విరేచనాలు. ఎడ్లబండి దవాఖానకు చేరేసరికి కడుపులో బిడ్డ దక్కలేదు.

జున్ను నలుగురు తొక్కే చోట పడితే బర్రె ఒట్టిపోతుందని మీ అత్త భయం. నీ పెనిమిటి రాజేందర్‌తో కరివేపాకు చెట్టు మొదట్లో గుంత తీయించి పూడ్పించు. ఆమె ఫోన్‌ల అడిగితే, ఈ ముసలిది ఒక్కతే గిన్నె నాకిపోయిందని చెప్పు. పెళ్ళిల ఆమె పక్కనే కూర్చొని తిట్లు తింటా, నాకు అలవాటే.

పొద్దున తోడుకున్న పెరుగు ఉంది, అది తిను.

పోశవ్వ ముచ్చట మరువకు. రేపు నీ బిడ్డకు చెప్పు. వాళ్ళ నానమ్మకు మాత్రం ఎప్పటికీ నేనే తిన్నట్టు చెప్పు.