మూడేళ్ళ మెట్ల మీద మైకో పిల్ల

క్యోటో

సుమియేకి,

ఇక్కడ మాపుల్ చెట్లు ఎర్రబడ్డాయి. అక్కడ కొట్టూ, ఎండుచేపలూ, నువ్వూ కులాసా అని తలుస్తాను. మన బజారు లాటరీలో తగిలిన పది రోజుల యాత్ర దివ్యంగా సాగుతోంది. గెన్‌పాచి గురక తప్ప లోటేమీ లేదు. ఇవాళ బంగారు గుడి చూశాం. గురువారం కియోమిజు గుడికి వెళ్తాం. ఫోన్ చేస్తే నువ్వు మధ్యలో పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నీ యసుకిచి

తా.క. గెన్‌పాచి నా కళ్ళజోడు మీద కూర్చున్నాడు. అప్పట్నుంచి ఈ ఊళ్ళో అందరూ అందంగానే ఉన్నారు.

*

త్సురుగా

శ్రీవారికి,

చేపలు కులాసా. వాటి తర్వాతైనా నన్ను అడిగినందుకు సంతోషం.

లాటరీ టికెట్టు ఇద్దరికి. నన్ను ఒక్కసారే పిలిచారు. "కొట్టెవరు చూస్తారండీ" అని మొహమాటానికి అన్నాను. మన ఊళ్ళో టీ తాగమన్నా మూడోసారికి గాని ఎవరూ కప్పు ముట్టుకోరే, క్యోటోకి ఒక్క పిలుపుకే వచ్చేస్తానా? మీరేమో ఆ మాట పట్టుకుని మీ స్నేహితుడింటికి పరిగెత్తారు. పెళ్ళయిన కొత్తలో నాకు చూపిస్తానన్న బంగారు గుడి గెన్‌పాచి గారికి చూపించారు. బాగుందన్నారా ఆయన?

సుమియె

తా.క. ఆ ఊళ్ళో నాట్యం నేర్చుకునే మైకో పిల్లలు మొహానికి సున్నం కొట్టుకుని తిరుగుతుంటారు. కళ్ళజోడు త్వరగా బాగుచేయించుకోండి.

*

క్యోటో

సుమియేకి,

కళ్ళజోడు బాగుచేయడానికి ఇచ్చాను, ఇంకా రాలేదు. ఈలోగా ఒక పుణ్యకార్యం చేశాను. కియోమిజు గుడి దారిలోని సన్నెన్‌జకా మెట్ల మీద పడినవాళ్ళు మూడేళ్ళలో పోతారంటారు కదా. నా కళ్ళముందే ఒక మైకో పిల్ల ఎత్తుచెప్పులతో తూలింది. గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపాను. పాపం వణికిపోతుంటే టీకొట్లో కూర్చోబెట్టాను. పదిహేడేళ్ళుంటాయేమో. ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. గెన్‌పాచి తీసిన ఫోటో పంపుతున్నాను.

నీ యసుకిచి

తా.క. ఆ వినయం నువ్వు చూసి ఉండాల్సింది.

*

త్సురుగా

పుణ్యాత్ములకి,

ఫోటో అందింది. మెట్ల మీద చెయ్యి పట్టుకున్నారు, సరే. టీకొట్లో కూడా వదల్లేదేం? అక్కడా మెట్లున్నాయా? పైగా మీ వంతు బెల్లంపాకం మోచి, ఆ బియ్యప్పిండి ఉండలు కూడా ఆ పిల్ల ముందుకే తోశారు. మన పెళ్ళి విందులో నా వంతు చేప తిన్న మనిషి మీరేనా? నాకు ఒళ్ళు మండిపోతోంది. దానితో ఏం మాట్లాడారో ఒక్క ముక్క దాచకుండా రాయండి.

సుమియె

తా.క. గెన్‌పాచి గారిని మాత్రం ఏమీ అనకండి.

*

క్యోటో

సుమియేకి,

గెన్‌పాచికీ నాకూ మాటల్లేవు. మోచి సంగతి నేను రాయలేదు, ఫోటోలోనూ లేదు, వాడు కాకపోతే ఎవరు చేరవేస్తారు? ముందు బుకాయించాడు, తర్వాత ఏడ్చాడు, ఇప్పుడు వేరే గదిలో గురకపెడుతున్నాడు.

ఆ పిల్లతో నీ గురించే మాట్లాడాను. మా ఆవిడ నవ్వితే ఎండుచేపల కొట్టు కూడా పండగలా ఉంటుందన్నాను. బంగారు గుడి ముందు "చూశావా" అని పక్కకి తిరిగితే గెన్‌పాచి మొహం కనబడి దిగులేసిందన్నాను. రెండోసారి పిలిస్తే మళ్ళీ కాదంటావేమోనని భయపడ్డానన్నాను. పాపం కళ్ళు తుడుచుకుంది. తెల్లరంగు చారికలు కట్టింది.

యసుకిచి

తా.క. ఆ చెయ్యి పట్టుకుంటే ఎందుకో ఇంట్లో ఉన్నట్టనిపించింది. అందుకే వదల్లేదు. కోప్పడకు.

*

త్సురుగా

శ్రీవారికి,

ముందు గెన్‌పాచి గారి కాళ్ళు పట్టుకోండి. ఆయన ఏ పాపం ఎరగరు.

నేను లేకుండా మీరెంత సరదాగా ఉన్నారో చూసి ఏడుద్దామని గురువారం కొట్టు మూసి రైలెక్కాను. తీరా దిగాక మీకు ఎదురుపడటానికి మొహం చెల్లలేదు. యాత్రికులకి మైకో వేషం వేసే దుకాణంలో దూరి ఆ మొహానికి రంగు వేయించుకున్నాను. ఏభై దాటినవాళ్ళకీ వేస్తారు. చేపవాసన పోయేదాకా చేతులకి నిమ్మకాయ రుద్దారు. ఇక మీరు చూసింది వినయం కాదు, నోరు విప్పితే దొరికిపోతానని భయం. సాయంత్రం రైలుకి తిరిగొచ్చేశాను.

ఆ పిల్ల నేనే. అయినా దాని మీద నా కడుపుమంట చల్లారలేదు. ఇన్నేళ్ళలో నాతో ఒక్కసారైనా అనని మాటలు దానితో అన్నారు. నాకు రావలసిన రెండో పిలుపు కూడా అదే విన్నది. మూడోదాని కోసం ఆగలేను. ఈ ఉత్తరం రేపు అందుతుంది, ఎల్లుండి పొద్దున్న రైలుకి వస్తున్నాను.

మీ సుమియె

తా.క. కళ్ళజోడు వచ్చేసినా స్టేషన్‌కి పెట్టుకోకుండా రండి.