అచ్చులో కుడి, గుడ్డ మీద ఎడమ

పెడన, శుక్రవారం రాత్రి

ఇంత సంతోషమైన రోజున నిద్ర ఎందుకు రావడం లేదో తెలియడం లేదు.

మా అమ్మాయి సుశీల బందరు కాలేజీ లాబొరేటరీ నుంచి ఒక పాత పరికరం ఇంటికి తెచ్చింది. కంటికి కనపడని వేడిని, అదే పరారుణ కిరణాలను, కొలుస్తుందట. ప్లగ్గుకు అయిదు పిన్నులు. కాగితంలోని బొమ్మ ప్రకారమే తీగెలు అతికినా, కాలేజీలో చిన్న బ్యాటరీ పెట్టి చూస్తే, చేయి దగ్గరకు తెచ్చినా మీటరు సూది కదల్లేదని దిగాలుపడింది.

"ఆ బొమ్మ ప్లగ్గును ఎటునుంచి చూసి గీశారమ్మా?"

"ముందునుంచి నాన్నా."

"నువ్వు అతికింది వెనకనుంచి కదా. అచ్చులో కుడివైపు చెక్కిన ఆకు గుడ్డ మీద ఎడమకు పడదూ?"

సుశీల "కలంకారీ అచ్చులు చెక్కేవాణ్ణి ఇంట్లో పెట్టుకుని వారం రోజులు పుస్తకాలు తిరగేశాను" అని నవ్వింది. తీగెలన్నీ ఊడదీసి నేను చెప్పినట్టే మళ్లీ అతికింది. అయిదో తరగతి చదివిన నా మాట విన్నది, నా తల్లి, నా బంగారు తల్లి.

కానీ రేపు కాలేజీలో వాళ్ల పెద్దసారు ముందు అసలు కరెంటే పెట్టాలి. తప్పయితే లోపలి సన్నతీగె కాలిపోతుందట. అలాంటి పరికరం ఇంకొకటి లేదు, అక్కడ మా అమ్మాయి ఉద్యోగమేమో ఇంకా టెంపరరీ. అందుకే కాగితం తిరగేసి లాంతరుకు అడ్డం పట్టుకుని, వెనకనుంచి కనపడే బొమ్మతో తీగెలను మూడుసార్లు సరిచూశాను.

నాలుగోసారి వత్తి పెంచగానే లోపలి గదిలోంచి, "సరిగ్గానే ఉన్నాయి నాన్నా. ఇందాక నువ్వు పెరట్లోకి వెళ్లినప్పుడు నేనూ చూశాను, పడుకో" అంది.

వత్తి తగ్గించి, పడుకున్నట్టు దగ్గి, ఇది రాస్తున్నాను.