తడి గోనె కింద పెట్టె

మా ఇంటావిడకి,

నేను కులాసాగానే ఉన్నాను. నువ్వూ, అమ్మాయీ, పసిదీ కులాసాగా ఉంటే అంతకంటే ఏం కావాలి. మిగతావాళ్ల సంగతి చివర్లో రాస్తాను.

కంకర లారీ డ్రైవరు చేత నువ్వు పంపిన ఉత్తరం అందింది. ఇద్దరికీ ఫోనులున్నా పెద్ద మాటలకి మనకి కాగితమే అలవాటు. ఫోనులో అయితే నువ్వు నన్ను ఒక్క మాటా పూర్తి చెయ్యనివ్వవు.

మోకాలి సంగతి అడిగావు. అది పని మానేసింది, నేనింకా మానలేదు. వంట సంగతి అడిగావు. అన్నం రోజూ ఒకేలా మాడుతోంది, ఆ విషయంలో నా చెయ్యి భలే నిలకడ. పాపకి నా ముక్కొచ్చిందన్నావు. పోనీలే, పెద్దయ్యేసరికి అలవాటు పడుతుంది.

"తమ్ముడు ఫోనెత్తడం లేదేం?" అని కింద రెండు గీతలు గీసి మరీ అడిగావు. దానికే వస్తున్నాను. దారి కాస్త చుట్టు, ఓపిక పట్టు.

రోడ్ల శాఖవాళ్లూ యూనివర్సిటీవాళ్లూ కలిసి పరిశోధన మొదలెట్టారని చెప్పాను, గుర్తుందా? ఎండలు ఏటేటా ముదురుతున్నాయి కదా, రోడ్డు పనివాళ్లు ఏ వేళకి పని ఆపాలో తేల్చడానికి. పన్నెండు సైట్లకి సబ్బుపెట్టెంత తెల్ల పెట్టెలిచ్చారు. గంటగంటకీ వేడి ఎంతో అదే లోపల రాసుకుంటుంది. యూనివర్సిటీ అమ్మాయి నా చేతికిచ్చి, "మేస్త్రిగారూ, మనుషులు పనిచేసే చోటే దీన్ని వేలాడదియ్యండి. జాగ్రత్త, చాలా ఖరీదైంది" అంది. నాకు ఆ చివరి ముక్కే తలకెక్కింది.

మొదటిరోజు ఎండకి పెట్టె చెయ్యి కాలేలా అయింది. నా ఫోను ఎండలో ఆరిపోయినట్టే ఇదీ చస్తుందని భయమేసి, టార్పాలిన్ నీడలో మంచినీళ్ల డ్రమ్ము పక్కన పెట్టి, పైన తడి గోనె కప్పాను. మీ తమ్ముడు చూసి నవ్వాడు.

"బావా, మమ్మల్ని కూడా అలా కప్పొచ్చుగా" అన్నాడు.

"పదిమందిలో బావా గీవా అన్నావంటే ఊరుకోను. మేస్త్రీ అను" అని కసిరాను.

నెల తిరిగాక లెక్కలు తీశారు. పదకొండు సైట్లలో నలభై నాలుగు, నలభై ఐదు డిగ్రీలు. మన దగ్గర ముప్పై ఒకటి. ఆ అమ్మాయి ఫోన్ చేసి, "అక్కడ చెట్లేమైనా ఉన్నాయా?" అని అడిగింది. నేను చేసిన పనేంటో అప్పుడు తెలిసింది నాకు.

"గాలి బాగా ఆడుతుందమ్మా" అన్నాను.

చదువుకున్న పిల్లకి గోనె సంగతి చెప్పడానికి సిగ్గేసింది. అంతే. ఇంకేదైనా కారణం ఉంటే బాగుండేది.

మిగతా సైట్లలో పదకొండింటికల్లా పని ఆపమని ఉత్తర్వు వచ్చింది. మనకి రాలేదు. ఇంజినీరు నా భుజం తట్టి, "అన్నిట్లోకీ మీ సైటే చల్లనయ్యా" అన్నాడు. తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. తొమ్మిదోరోజు మధ్యాహ్నం రెండింటికి మీ తమ్ముడు తారు పీపా దగ్గర కూలబడ్డాడు. చెమట చుక్క లేదు, ఒళ్లు పెనంలా ఉంది. ఆ తడి గోనే లాగి వాడి మీద కప్పాను.

ప్రాణం ఉంది. ఆస్పత్రిలో ఇవాళ్టికి నాలుగోరోజు. ఎండదెబ్బ మెదడుకి తగిలిందనీ, మనిషి ఎంతవరకు తిరిగొస్తాడో చెప్పలేమనీ డాక్టరు అంటున్నాడు. కళ్లు తెరుస్తున్నాడు, నీళ్లు పడితే తాగుతున్నాడు. "పనిలో ఉన్నాడు" అని నీకు ఫోనులో చెప్పిందంతా అబద్ధం.

నిన్న గోనె సంగతంతా రాసి, సంతకం పెట్టి యూనివర్సిటీ అమ్మాయికీ ఇంజినీరుకీ ఇచ్చాను. ఆ అమ్మాయి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇంజినీరు మాత్రం, "కాగితం వెనక్కి తీసుకో, నీ మేస్త్రిపని పోతుంది" అన్నాడు. తీసుకోలేదు. ఇవాళ పెట్టెని తారు పీపా పక్కన గుంజకి కట్టాను. సాయంత్రం ఆ అమ్మాయి వచ్చి చూసి, నలభై ఏడంది. ఉత్తర్వు లేకపోయినా పదకొండింటికే అందర్నీ పంపేశాను.

ఈ ఉత్తరం తెచ్చే లారీ రేపు పొద్దున్నే అక్కడికి బయల్దేరుతుంది. తిరిగి ఇటొచ్చేటప్పుడు ముందు సీటు నీకే ఉంచమన్నాను. వచ్చాక నన్నేమన్నా అను, పడతాను. ముందు వాడి దగ్గర కూర్చో. నిన్ను గుర్తుపడతాడేమో. నేను మంచం పక్కన కూర్చుంటే చాలు, కంగారుగా లేవబోతున్నాడు.

"వస్తున్నా మేస్త్రీ" అంటున్నాడు.

ఇట్లు,
నీ ఇంటాయన,
వాడి బావ.