స్పార్క్ రాని గడ్డి మెషీన్

అక్టోబర్ 29

మెషీన్ స్టార్ట్ కాలేదు. తాడు లాగీ లాగీ భుజం పడిపోయింది. చర్చిది ఇది. నా మొగుడు డానియేలు ఉన్నన్నాళ్లూ ఆయన నడిపాడు, పోయాక నేను. దసరా ముందు కోసినప్పుడు బాగానే ఉంది.

ఆదివారం సమాధుల పండుగ. వానలకు సమాధుల తోటలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. పోయినేడు కొవ్వొత్తి వల్ల అంటుకుంది కాబట్టి, కోయకపోతే ఈసారి కొవ్వొత్తులే వద్దంది కమిటీ. ఆయన పోయాక వచ్చిన మొదటి పండుగ. ఆయన సమాధిని దీపం లేకుండా ఎలా ఉంచను?

అక్టోబర్ 30

కొత్త ప్లగ్ తెచ్చాను. వైర్‌కు తగిలించి, ఇంజన్‌కు ఆనించి తాడు లాగాను. స్పార్క్ లేదు.

మెషీన్ మామూలుగా ఉండేది గౌలిపురలో, ఎల్లప్పన్న బర్రెల కొట్టంలో. డానియేలు దోస్తు. చోటిచ్చినందుకు కోసిన గడ్డి ఆయన బర్రెలకు. ఇవాళ దాన్ని చూడ్డానికి యాకుత్‌పురాలో మా ఇంటికొచ్చాడు. బర్రె గాని తన్నిందా అన్నాను. “ఏం తన్నలే చెల్లె. దసరకు మంచిగ కడిగి బొట్టు గిట్ల పెట్టిన” అన్నాడు. నాకు మండింది. ఇంజన్‌ను నీళ్లతో కడుగుతారా, బర్రెకూ మెషీన్‌కూ తేడా తెలీదా అని నోటికొచ్చినట్టు అన్నాను. లేచి వెళ్లిపోయాడు.

అక్టోబర్ 31

నీళ్లకు స్పార్క్ ఇచ్చే కాయిల్ పోయుంటుందని, కొత్తదాని కోసం నయాపూల్ వెళ్లాను. “హఫ్తా లగేగా” అన్నాడు షాపతను. వారమా? పండుగ ఎల్లుండే.

నవంబర్ 1, పొద్దున

కాయిల్‌ను తిట్టేముందు స్టాప్ వైర్ పీకి చూడు అనేవాడు డానియేలు. పీకాను. నీలంగా స్పార్క్ వచ్చింది! కాయిల్ బాగానే ఉంది. స్విచ్ ఆపితే ఆ వైరే బాడీకి తగిలి ఇంజన్‌ను ఆపేస్తుంది. మరి ఆపకుండానే ఎక్కడ తగులుతోంది? వైర్ వెంట వేలు పెట్టుకుంటూ పోయాను. కవర్ కింద, జాయింట్ దగ్గర సన్నని ఇనుప తీగ. ఒక కొస వైర్‌కు, ఇంకో కొస బాడీకి. మధ్యలో ఎండిపోయిన మిరపకాయ.

దసరాకు ఎల్లప్పన్న దిష్టి కట్టాడు. దారం బదులు తీగతో. నిమ్మకాయ ఎప్పుడో రాలిపోయింది.

తీగ విప్పాను. రెండోసారి లాగేసరికే ఇంజన్ అందుకుంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

సాయంత్రం

తోటంతా కోశాను. డానియేలు సమాధి దగ్గర మాత్రం కోయడానికేమీ లేదు. ఎవరో కొడవలితో కోసి, శుభ్రంగా ఊడ్చారు. వాచ్‌మన్ దుర్గయ్యను అడిగాను. “గౌలిపుర పాలాయనె. నిన్న వచ్చి కోసిండు” అన్నాడు. గడ్డి మోపు గోడ పక్కనే ఉంది. బర్రెలకు కూడా తీసుకెళ్లలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

నవంబర్ 2

కొవ్వొత్తి పెట్టాను. గడ్డి మోపూ మెషీనూ ఆటోలో కొట్టానికి చేర్చి, మాఫ్ చెయ్యన్నా అన్నాను. ఏమైందట మెషీన్‌కు అని అడిగాడు. ప్లగ్ అన్నాను.

ఫాదర్‌గారు చూస్తే ఏమంటారో గాని, నిమ్మకాయ మళ్లీ నేనే కట్టాను. హ్యాండిల్‌కు. దారంతో.